వడగాడ్పుల ప్రణాళికను గడప దాకా తీసుకెళ్లడం ఎలా

మున్సిపల్ ఆరోగ్య విభాగంలో 27 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 9 వేసవులు వడగాడ్పుల డెస్కు నాదే. రిటైరయ్యాక కూడా ఏటా ఎండలు ముదిరే ముందు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "మేడమ్, ప్రణాళిక తయారు చెయ్యమన్నారు, మీ పాత ఫైలు ఉంటే పంపుతారా?" అంటారు. పంపను. పాత ఫైలులో తేదీలు మార్చి, సంతకం పెట్టించి, అల్మారాలో పెట్టడం నేనూ మొదటి రెండేళ్లు చేశాను. ఆ రెండేళ్లలో ఒక్క తలుపు కూడా తట్టలేదు. అందుకే ఫైలు బదులు, పని ఎలా చేయాలో రాసి పెడుతున్నాను. కొత్తగా ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకి, వాళ్ల వెంట తిరిగే కార్యకర్తలకి పనికొస్తుంది.

చలికాలంలోనే మరణాల రిజిస్టరు తెరవండి

మొదటి పని పోస్టర్ కాదు. గత ఐదారేళ్ల మరణాల రిజిస్టరు ఒక పక్క, వాతావరణ శాఖ రోజువారీ ఉష్ణోగ్రతలు ఇంకో పక్క పెట్టుకోండి. రిజిస్టరులో "వడదెబ్బ" అన్న మాట కోసం వెతక్కండి, దొరకదు. గుండెపోటు, కిడ్నీ జబ్బు, పక్షవాతం, వృద్ధాప్యం అని ఉంటాయి. ఎండ మనిషిని చంపేది ఎక్కువగా ఆ ముసుగుల్లోనే. మీరు చూడాల్సింది తేడా. ఆ రోజుల్లో మామూలుగా ఎంతమంది పోతారు, మండిపోయిన ఆ వారంలో ఎంతమంది పోయారు అన్నది.

అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. తర్వాత పరిశోధకులు ఇలాగే లెక్క తీస్తే, ఆ ఒక్క నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తేలింది. 2013లో ఆ నగరం తెచ్చిన కార్యాచరణ ప్రణాళిక దక్షిణాసియాలోనే మొదటిది. దాని వెనక ఉన్న బలం ఈ లెక్కే. "మన దగ్గర వడదెబ్బ చావులు రెండే కదమ్మా" అని పై అధికారి తేలిగ్గా తీసేసినప్పుడు ఎదురు చెప్పడానికి మీ దగ్గరా ఒక అంకె ఉండాలి. నా మొదటి బడ్జెట్ అడిగినప్పుడు లేదు. రాలేదు.

అదే లెక్క మీకు ఇంకో సంగతి చెబుతుంది. ఎన్ని డిగ్రీల దగ్గర చావులు పెరగడం మొదలవుతోందో తెలుస్తుంది. ఆ హద్దు అన్ని చోట్లా ఒకటి కాదు. అహ్మదాబాద్ 41.1 దగ్గర పసుపు, 43.1 దగ్గర నారింజ, 45 దగ్గర ఎరుపు హెచ్చరిక పెట్టుకుంది. చల్లటి ప్రాంతంలో 33 డిగ్రీలకే మనుషులు పడిపోతారు, వాళ్ల ఇళ్లూ ఒళ్లూ ఆ వేడికి అలవాటుపడి ఉండవు. పక్క నగరం అంకెలు కాపీ కొట్టకండి.

వాతావరణ శాఖని అడిగేటప్పుడు మూడు అడగండి: పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం, గాలిలో తేమ. అందరూ మొదటిదే చూస్తారు. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెని తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలైతే మనిషి తట్టుకోగల చివరి హద్దని చాలాకాలం అనుకున్నారు. ప్రయోగశాలలో ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లతోనే తేలికపాటి పని చేయించి చూస్తే, బాగా తేమ ఉన్న గాలిలో 31 దగ్గరే ఒళ్లు అదుపు తప్పడం మొదలైంది. ఇక రాత్రి. పగలంతా కాగిన గోడ రాత్రికి ఆ వేడినంతా గదిలోకి వదులుతుంది. రాత్రి చల్లబడకపోతే మర్నాటి ఎండని గుండె అలసటతోనే ఎదుర్కోవాలి. నా అనుభవంలో మొదటి రోజు కన్నా మూడో రాత్రి ప్రమాదం.

రంగు ప్రకటించగానే ఎవరు ఏం చేయాలో కాగితం మీద పేరుతో సహా ఉండాలి. "సంబంధిత శాఖలు సమన్వయంతో తగు చర్యలు తీసుకోవాలి" అని రాశారంటే ఎవరూ ఏమీ చేయరని అర్థం. నారింజ అయితే ఎవరు, ఎన్ని గంటలకు, ఏ తాళం తీయాలి? తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆయన సెలవులో ఉంటే రెండోది ఎవరి దగ్గర? ఇంత చిన్నగా రాయండి.

జాబితా

అసలు ప్రణాళిక అంటే నా దృష్టిలో ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవి.

1995 జూలైలో షికాగోలో వారం రోజుల్లో 739 మంది మామూలు కన్నా ఎక్కువగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని, పై అంతస్తుల్లో, ఎవరికీ తెలియకుండా పోయారు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ వడగాడ్పులు వచ్చినప్పుడు నగరం ముసలివాళ్లకి ఫోన్లు చేయించింది, ఇంటికి మనుషుల్ని పంపింది. ఈసారి చావులు వంద పైచిలుకు దగ్గర ఆగాయి. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది పోయారు. మరుసటి ఏడే అక్కడ చట్టం తెచ్చి, ప్రతి మేయరు కార్యాలయమూ వృద్ధుల, వికలాంగుల పేర్ల పట్టిక పెట్టుకోవాలని, హెచ్చరిక రాగానే వాళ్లని పలకరించాలని నిర్ణయించారు. 2021 జూన్ చివర కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వారంలో 619 మంది వేడికి పోయారు. వాళ్లలో నూటికి 98 మంది చనిపోయింది ఎండలో కాదు, నాలుగు గోడల మధ్య. సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు.

ఫ్రాన్స్ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. పేరు ఎవరికి వాళ్లు, లేదా వాళ్ల తరఫున ఎవరో ఒకరు, అడిగి రాయించుకోవాలి. వచ్చి రాయించుకోగలిగేవాళ్లు కొంతవరకు తమని తాము చూసుకోగలరు. రానివాళ్లే మనకి కావలసినవాళ్లు. నేను మొదట ఫారాలు పంచాను. మా డివిజన్ మొత్తానికి 22 తిరిగి వచ్చాయి. అందులో నలుగురు నాకన్నా గట్టిగా ఉన్నారు.

తర్వాత పద్ధతి మార్చాను. ఇంటింటికీ వెళ్లే పని ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగాను. పోస్ట్‌మ్యాన్, కరెంటు మీటరు చూసే అబ్బాయి, గ్యాస్ బండ మోసుకొచ్చే అతను, మందుల షాపు వాళ్లు, చెత్త తీసుకెళ్లే ఆమె. అడిగే ప్రశ్న ఒక్కటే: "తలుపు తీయడానికి చాలాసేపు పట్టే ఇళ్లు ఏవి?" చెత్త తీసుకెళ్లే ఆమె ఒక్కతే 31 గడపలు చెప్పింది. ఆమెకి చదువు రాదు, నేను పక్కన నడుస్తూ రాసుకున్నాను. మందుల షాపు వాళ్లని రోగుల వివరాలు అడగకండి, అది తప్పు. మీ కార్డు ఇచ్చి, ఒంటరిగా ఉండేవాళ్లకి ఇవ్వమనండి. ఎవరి పేరైనా జాబితాకి ఎక్కించే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి, ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా గోడకి అంటించకండి. ఒంటరి ముసలివాళ్ల చిరునామాలు దొంగలకీ పనికొస్తాయి.

ముసలివాళ్లతో ఆగకండి. మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు, ముందు వరసలో ఉండాలి. బ్రిటిష్ కొలంబియా చావుల్లో వాళ్లు చాలా ఎక్కువగా కనిపించారు. ఆ మందుల్లో కొన్ని చెమటనీ దాహాన్నీ తగ్గిస్తాయి. కిడ్నీ, గుండె జబ్బులకి మూత్రం పోయే మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, నెలల పిల్లలున్న ఇళ్లు, రేకుల కప్పు కింద, చివరి అంతస్తులో ఉండేవాళ్లు కూడా ఉండాలి.

తలుపు తట్టాక

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మూడో వేసవిలో ఫోన్ల పద్ధతి పెట్టాను. రోజూ ఉదయం 11 గంటలకి కార్యకర్తలు జాబితా ప్రకారం ఫోన్ చేస్తారు. "బాగున్నారా?" "బాగున్నానమ్మా." టిక్కు. మా జాబితాలో 63వ పేరు ఒక పెద్దాయనది. మూడో అంతస్తు, పైన కప్పే. ఆయన పేరు పక్కన వరసగా మూడు టిక్కులున్నాయి. మూడో రోజు రాత్రి కింది ఇంటావిడ ఫోన్ చేసి, రెండు రోజుల పేపర్లు గుమ్మంలోనే పడి ఉన్నాయంది.

వెళ్లేసరికి రాత్రి 10 అయింది. ఆయనే తలుపు తీశారు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. గోడ మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన గిన్నెలా తగిలింది. నా సంచిలోని థర్మామీటరు గదిలో 37 చూపించింది, బయట వరండాలో 30. మర్యాదగా కుర్చీ చూపించి "కూర్చో" అన్నారు. నన్ను వాళ్ల అమ్మాయి పేరుతో పిలిచారు. నేనెవరో ఆయనకి బాగా తెలుసు, ముందు నెలలోనే నాతో అరగంట మాట్లాడారు.

కిటికీలు తెరిచాం, చొక్కా విప్పి ఒళ్లంతా తడిపాం, అదే ఫ్యాను కింద కూర్చోబెట్టాం, ఆసుపత్రికి చేర్చాం. బతికారు. మర్నాడు ఫోన్ కాగితం చింపేశాను.

పొడి ఒంటి మీద ఆ ఫ్యాను ఎందుకు పనిచేయలేదో కార్యకర్తలకి చెప్పండి. వయసుతో చెమట తగ్గుతుంది. చెమట లేని ఒంటికి 37 డిగ్రీల గాలి చల్లదనం ఇవ్వదు. గది 40 దాటితే ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్చరిస్తుంది. ఒళ్లు తడిపితే మాత్రం ఫ్యాను మళ్లీ పనికొస్తుంది. బయటకన్నా గది వేడిగా ఉంటే కిటికీ తెరవాలి, బయటే ఎక్కువుంటే మూసి తెర వేయాలి.

గుమ్మంలో "బాగున్నారా" అని అడగొద్దు. ఆ మాటకి అందరూ బాగున్నామనే అంటారు. వీటిని అడగండి: రాత్రి ఎక్కడ పడుకున్నారు, నిద్ర పట్టిందా? పొద్దుట్నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, ఏ రంగులో ఉంది? ఈరోజు ఏ వారం? ఏ మందులు వేసుకుంటున్నారు? మందులు ఆపమని మాత్రం మీరు చెప్పకండి, డాక్టరుకి ఫోన్ కలపండి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి "నీళ్లు బాగా తాగండి" అనే సలహా కూడా డాక్టరుని అడిగే ఇవ్వాలి. లోపలికి రానిస్తే గోడ ముట్టుకుని చూడండి, థర్మామీటరు పెట్టండి. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక వెళ్లండి. రెండో రాక గురించి కార్యకర్తలు సణుగుతారు. వాళ్ల డ్యూటీ వేళలు మార్చి, ఆ పనికి డబ్బులివ్వండి. ఊరికే చేయించుకుంటే రెండో వారానికి మానేస్తారు, వాళ్ల తప్పు లేదు.

చల్లటి గది

కాగితం మీద అన్నిటికన్నా అందంగా కనిపించేది శీతల కేంద్రం. మొదటి ఏడాది మేమూ ఒక సమావేశ మందిరం తెరిచాం. ఏసీ ఉంది, కుర్చీలున్నాయి, రిబ్బన్ కూడా కట్ చేశారు. సాయంత్రం 5కి తాళం వేసేవారు, ఆదివారం సెలవు. మరుగుదొడ్డి మేడ మీద. వారంలో వచ్చినవాళ్లు తొమ్మిది మంది, అందులో ఇద్దరు ఫోన్ ఛార్జింగ్ కోసం.

జనం ఇప్పటికే వెళ్లే చోటునే చల్లబరచండి. గ్రంథాలయం, ఆసుపత్రి వరండా, బస్సుల కోసం ఆగే హాలు బాగుంటాయి. ప్యారిస్ చల్లగా ఉండే చోట్లన్నిటినీ మ్యాపు మీద పెట్టి, వడగాడ్పుల రోజుల్లో కొన్ని పార్కుల్ని రాత్రంతా తెరిచి ఉంచుతుంది. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. కింది అంతస్తులో మరుగుదొడ్డి, తాగునీళ్లు, నడవలేనివాళ్లని తెచ్చే బండి, రాత్రి 11 దాకా తెరిచి ఉండే తలుపు ఉంటే చాలు. ఏసీ లేకపోయినా ఫరవాలేదు, ఏసీ ఉండి తాళం వేసిన గది కన్నా నయం.

పనిలో ఉన్నవాళ్లు

కూలి మానుకుని ఇంట్లో కూర్చోమని చెప్పడం ఉపదేశం. పని వేళలు మార్చే ఉత్తర్వు ఇస్తే అది పాలన. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. వేళ ఏదైనా సరే, డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే పని ఆపాలి. డబ్ల్యూబీజీటీ అంటే తడిబల్బు లెక్క 7 పాళ్లు, ఎండలో పెట్టిన నల్లగోళం లెక్క 2 పాళ్లు, మామూలు థర్మామీటరు 1 పాలు కలిపిన అంకె. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వేడికి పడిపోతుంటే కనిపెట్టారు. చేతిలో పట్టుకునే మీటర్లు దొరుకుతాయి, పెద్ద నిర్మాణం జరిగే ప్రతి చోటా ఒకటి ఉండాలి.

మేస్త్రీలకి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి కొత్తగా చేరినవాళ్ల గురించి. ఆరుబయట వేడికి చనిపోయే కార్మికుల్లో సగానికి పైగా మొదటి కొద్ది రోజుల్లోనే పోతారు, ఒంటికి వేడి అలవాటు కాక. కొత్తవాళ్లకి మొదటి రోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకి మరో అయిదో వంతు పెంచుతూ పోవాలి. సెలవు మీద వెళ్లి చాన్నాళ్లకి తిరిగొచ్చినవాళ్లకీ మొదట పని తగ్గించాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకి, ఇరవై నిమిషాలకి ఒక గ్లాసు నీళ్లు తాగనివ్వాలి. గంటకి లీటరున్నర మించొద్దు, రక్తంలో ఉప్పు పడిపోతుంది.

ఆసుపత్రి, అంబులెన్సు

వడదెబ్బలో వరస ఇది: ముందు చల్లబరచు, తర్వాత తరలించు. ఒంటి వేడి 40 దాటి, మాట తడబడినా, తికమక పడినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బే. చెమట ఆగిపోయేదాకా ఎదురు చూడకండి. పని చేస్తూ పడిపోయినవాళ్లకి చెమట కారుతూనే ఉండొచ్చు. చల్లటి నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టడం అన్నిటికన్నా మేలు. తొట్టి లేకపోతే తడిపి, విసరండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. అరగంటలోపు 39 కిందకి దించడం లక్ష్యం. జ్వరం మాత్రలు పనిచేయవు. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. ప్రతి అంబులెన్సులో ఐసు పెట్టె ఉందా, మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటరు ఉందా అని మీరే వెళ్లి మూత తీసి చూడండి. "ఉందండీ" అన్న మాట నమ్మకండి, నేను నమ్మి తీసి చూస్తే ఒక పెట్టెలో డ్రైవరు లుంగీ ఉంది.

అహ్మదాబాద్‌లో ఒక ఆసుపత్రి పై అంతస్తులో ఉన్న ప్రసూతి వార్డుని కింది అంతస్తుకి దించింది. అంతే, వేడివల్ల ఐసీయూలో చేర్చాల్సి వచ్చే పసికందుల సంఖ్య బాగా తగ్గింది. మంచాలు మోసిన కూలి తప్ప పెద్ద ఖర్చు లేదు. మీ ఆసుపత్రి ఏ వార్డుని పైకప్పు కింద పెట్టిందో ఒకసారి చూసి రండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచేటప్పుడు లీటరు సీసా కూడా చూపించండి. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు శుభ్రమైన నీళ్లలో కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపి తాగేవాళ్లని చాలామందిని చూశాను.

మిగతావి

కరెంటు శాఖతో ఒక్క ఒప్పందం చేసుకోండి. హెచ్చరిక ఉన్న రోజుల్లో బిల్లు కట్టలేదని ఎవరి కనెక్షనూ తీయకూడదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా 1995లో తెచ్చిన పద్ధతిలో ఇది ఒక భాగం. ఆ పద్ధతి 1995-98 మధ్య 117 ప్రాణాలు కాపాడిందని అంచనా. నీటి శాఖతోనూ అంతే, మరమ్మతులు ఆ వారం పెట్టుకోవద్దనండి.

పైకప్పులకి తెల్ల రంగు వేయించడం మంచిదే. గది వేడి రెండు నుంచి అయిదు డిగ్రీలు తగ్గొచ్చు. కాకపోతే అది హెచ్చరిక వచ్చాక చేసే పని కాదు, వేసవికి ముందే జాబితాలోని చివరి అంతస్తుల నుంచి మొదలుపెట్టాలి. మా దగ్గర ఆఫీసు కప్పుకి ముందు వేశారు.

ప్రచారం గురించి ఎక్కువ చెప్పను. 2022లో స్పెయిన్‌లోని సెవిల్ నగరం ఒక వడగాడ్పుకి తుపానుకి పెట్టినట్టు "జోయి" అని పేరు పెట్టింది. సరదాగా ఉంది, పేపర్లు రాశాయి. నా 63వ నంబరు పెద్దాయన పేపరు గుమ్మంలోనే పడి ఉంది మరి.

ఎండలు తగ్గాక

వాన పడిన వారంలోనే సమీక్ష పెట్టండి, ఆలస్యమైతే అందరూ మర్చిపోతారు. అధికారుల్ని కాదు, తలుపులు తట్టినవాళ్లని పిలవండి. మరణాల రిజిస్టరు మళ్లీ తెరిచి తేడా లెక్క కట్టండి. చనిపోయినవాళ్లలో మన జాబితాలో లేనివాళ్లు ఎవరు, ఎందుకు లేరు అని ఒక్కో పేరూ అడగండి. పెరిగిన అంకెని పై వాళ్లు తగ్గించమంటే తగ్గించకండి. నన్ను ఒకసారి అడిగారు, "సరిచూసి రాయండి" అన్న మాటలతో. సరిచూశాను, అదే రాశాను, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆలస్యమైంది.

చివరగా, ఎంత తట్టినా తెరుచుకోని తలుపులు వేరే కాగితం మీద రాయించండి. ఖాళీ ఇళ్లని తీసేయండి. మిగిలిన వాటికి చలికాలంలో, ఎవరికీ తొందర లేనప్పుడు, మళ్లీ వెళ్లాలి. నేను దిగిపోయేనాటికి అలాంటివి 17 మిగిలాయి. వాటి చిరునామాలు, ఏ వేళలో లోపల దీపం వెలుగుతుందో రాసి, నా తర్వాత వచ్చినామె చేతికిచ్చాను. ఇప్పటికి 6 తెరిపించిందట.